మొదటి ఏడాదిలోనే ఆన్‌లైన్ పాఠాలు: ఎలా నెట్టుకొస్తున్నారు?

దిల్‌సుఖ్‌నగర్_హాస్టల్: దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్) బీఎస్సీ సీటు వచ్చి నల్గొండ నుంచి వచ్చాను. రెండు పేపర్లకు రికార్డు చేసిన పాఠాలే గతి. గదిలో నలుగురం. వైఫై రాత్రి పది దాటితేనే కదులుతుంది. నోట్స్ ఎలా రాసుకోవాలి? అనుమానాలు ఎవరిని అడగాలి? ‘స్వయం’ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుల క్రెడిట్లు డిగ్రీలో కలుపుతారా?

బ్యాక్‌లాగ్_బాబాయ్: నోట్స్ సంగతి తరువాత తమ్ముడూ, ముందు ఏ రోజు పాఠం ఆ రోజే చూడు. కరోనా కాలంలో మా బ్యాచ్‌లో సగం మంది ‘రికార్డింగు ఎక్కడికీ పోదు కదా’ అనుకున్నారు. నిజమే, రికార్డింగు ఎక్కడికీ పోలేదు. సెమిస్టరే పోయింది.

రెండింతల_వేగం: వేగం రెండింతలు చేసుకోండి, గంట పాఠం అరగంటలో ముగుస్తుంది. స్వయంలోనే ఐఐటీల కోర్సులు ఇచ్చే ఎన్‌పీటెల్‌లో నావి నాలుగు సర్టిఫికెట్లు, అందులో ఒకటి మంచి మార్కులకిచ్చే ఎలైట్. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

గణితం_మేడమ్: చెప్పాల్సింది చాలా ఉంది. నిరూపణను రెండింతల వేగంతో చూసి వచ్చిన పిల్లలను బోర్డు దగ్గరికి పిలిస్తే రెండో వరుసలోనే సుద్దముక్క ఆగిపోతుంది. చూడటం వేరు, చేయడం వేరు.

రెండింతల_వేగం: స్లైడ్లు తెరిచి చదివి వినిపించేవారికి మామూలు వేగమే ఎక్కువ మేడమ్. పాఠం బాగుంటే ఎవరు పరుగెత్తిస్తారు?

గణితం_మేడమ్: నా పాఠం మీరు విన్నారా? వినకుండా తీర్పు చెప్పడం కూడా రెండింతల వేగమేనా?

తెలుగు_మీడియం_వాడు: మీ గొడవలో మా ఊసే లేదు. ఇంటర్ వరకు తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠంలో పడ్డవాళ్లం. తరగతిలో అరవై మంది ముందు ‘మళ్లీ చెప్పండి సార్’ అనడానికి నోరు రాదు. వీడియోను ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అది విసుక్కోదు. వేగం 0.75కు తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని, అర్థం కాని పదం దగ్గర ఆపి రాసుకునేవాణ్ని. రసాయనశాస్త్రం గట్టెక్కింది అలాగే.

రెండింతల_వేగం: 0.75లో సార్ గొంతు మత్తుమందు ఇచ్చినట్టు ఉంటుంది.

తెలుగు_మీడియం_వాడు: మీకు నవ్వులాటగా ఉంది. మార్కుల మెమో పెట్టమంటారా?

దూరవిద్యా_నిపుణుడు: పాతికేళ్లుగా ఈ రంగంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇవన్నీ పిల్లచేష్టలు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)తో దేశంలో సార్వత్రిక విద్య మొదలైనప్పుడు వీడియోలు ఎక్కడివి? పుస్తకం ఇచ్చాం, చదివారు.

మూసీ_ఇవతల: మన హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నాటిది సార్. అప్పటి పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో మొదటిది అదే. మా అమ్మ వంట చేస్తూ రేడియోలో పాఠాలు విని డిగ్రీ పూర్తి చేసింది. పుస్తకం ఒక్కటే ఇచ్చారనకండి.

దూరవిద్యా_నిపుణుడు: నేను కేంద్ర విశ్వవిద్యాలయాల గురించి అన్నాను.

మూసీ_ఇవతల: ‘దేశంలో’ అన్నారు. పైన అలాగే ఉంది, చదువుకోండి.

క్రెడిట్ల_లెక్క: అడిగింది ఒకటి, నడుస్తున్నది ఒకటి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవనివ్వవచ్చు. ‘ఇవ్వవచ్చు’ అన్నారే కాని ‘ఇవ్వాలి’ అనలేదు. కాబట్టి చేరకముందే మీ విభాగంలో కాగితం మీద అనుమతి తీసుకోండి. ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సయితే అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులు వచ్చిన 8 లెక్కలోకి వస్తాయి. వాటికి 25, పరీక్షకు 75. కోర్సులో చేరడం ఉచితమే, పరీక్షకు మాత్రం ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి.

వెనక_బెంచీ: ఇవన్నీ సరే, ఆన్‌లైన్ ప్రత్యక్ష తరగతిలో కెమెరా వేయమనే నియమం ఎవరు పెట్టారు? హాస్టల్ గదిలో వెనక ఆరేసిన బట్టలు మేడమ్‌కు చూపించాలా?

గణితం_మేడమ్: బట్టలు చూడటానికి కాదు బాబూ, మనిషి ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి. నల్లటి పెట్టెలకు పాఠం చెప్పి చూడండి, తెలుస్తుంది.

చిక్కడపల్లి_పాఠకుడు: గదిలో కుదరకపోతే పాఠాలు రాత్రే ఫోన్లోకి దించుకుని, పగలు మా నగర కేంద్ర గ్రంథాలయానికి రండి. పోటీ పరీక్షల వాళ్లతో నిండిపోతుంది, పొద్దున్నే వస్తేనే కుర్చీ. అందరూ చదువుతుంటే మనకూ ఫోను పక్కకు పెట్టాలనిపిస్తుంది.

రెండింతల_వేగం: పాఠమే ఫోనులో ఉంటే, ఫోను పక్కకు ఎలా పెడతారు?

చిక్కడపల్లి_పాఠకుడు: మీరు రాకండి.