1969 కమారో జెడ్/28 మంచిదా, మస్టాంగ్ బాస్ 302 మంచిదా?

గోదారిబిడ్డ: మిషిగన్‌లో ఉంటాను. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు చూసినప్పటి నుంచి ఒకటి కొనాలని కోరిక. షెవర్లే వాళ్ల జెడ్/28, ఫోర్డ్ వాళ్ల బాస్ 302, రెండూ 1969వే. ఏది కొనమంటారు?

వీ8_వీరభద్రం: కమారో, ఇంకో మాటే లేదు. ట్రాన్స్-యామ్ అనే అమెరికా కార్ల రేసుల్లో 1968, 1969 వరుసగా టైటిల్ దానిదే. పెన్స్కే టీమ్, మార్క్ డోనహ్యూ డ్రైవింగ్. ఇంజన్ 5 లీటర్లు దాటకూడదని రేసు రూలు. అందుకే 1967లో షెవర్లే వాళ్లు తమ 327 క్యూబిక్ అంగుళాల ఇంజన్ బ్లాక్‌లో (సిలిండర్లుండే దిమ్మెలో) 283 ఇంజన్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పెట్టి 302 క్యూబిక్ అంగుళాలు, అంటే 5 లీటర్ల లోపు, చేశారు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) పొట్టిది కాబట్టి ఇంజన్ వేగం పెంచేకొద్దీ ఊపందుకుంటుంది.

నిజాంపేట_నాగు: 1970 గురించి చెప్పలేదేం? ఆ ఏడు టైటిల్ మస్టాంగ్‌ది. బడ్ మూర్ టీమ్, పార్నెల్లి జోన్స్. బోర్ (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోక్ 3 అంగుళాలు, రెండు ఇంజన్లకీ అవే కొలతలు. తేడా అంతా హెడ్డులో, అంటే సిలిండర్ల మీది మూతలో. ఫోర్డ్ వాళ్లు అందులో గాలి, పొగ వెళ్లే వాల్వుల్ని ఏటవాలుగా పెట్టారు, అందుకే పెద్ద వాల్వులు పట్టాయి.

చిన్నా_డల్లాస్: రెండూ 5800 ఆర్‌పీఎం దగ్గర 290 హార్స్‌పవరే కదండీ. గొడవెందుకు?

వీ8_వీరభద్రం: 290 కాగితం మీది అంకె. రెండు కంపెనీలూ తగ్గించి రాశాయని నా గట్టి నమ్మకం, జెడ్/28కి మరీ తగ్గించారు.

నిజాంపేట_నాగు: నమ్మకం కాదు, రుజువు చూపించండి. అప్పట్లో ఇంజన్ని బయట పెట్టి, కారులో ఉండే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లేకుండా కొలిచేవాళ్లు. అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క 1972లో వచ్చింది. ఆ 290తో ఏదీ తేలదు.

వీ8_వీరభద్రం: తేలదంటూనే మస్టాంగ్ హెడ్డు గొప్పదంటారు! అసలు కమారో అంటే మీకు ఎందుకండీ అంత మంట?

నిజాంపేట_నాగు: చెప్తాను. నాలుగేళ్ల కింద జెడ్/28 అని నమ్మి ఒకటి కొన్నాను. మామూలు కమారోకి బ్యాడ్జీలు అతికించి అమ్మారు. 1969 కమారో వీఐఎన్‌లో (కారు గుర్తింపు నంబరులో) ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ అని తెలుస్తుంది తప్ప జెడ్/28 అని తెలియదు. మస్టాంగ్ వీఐఎన్‌లో అయిదో అక్షరం ‘జీ’ ఉంటే అది బాస్ 302. ఇల్లు కొనడానికి దాచిన డబ్బు అది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కారు ఎక్కదు.

వీ8_వీరభద్రం: బాధ అర్థమైంది నాగు గారూ. కానీ అది అమ్మినవాడి మోసం, కారు తప్పు కాదు. నా జెడ్/28కి కూడా అసలు ఇంజన్ లేదు, ముందు ఓనర్ మార్చేశాడు. ఆదివారం పొద్దున్నే మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నడుపుతాను. వాడు ఏనాడూ ఇంజన్ నంబర్ అడగలేదు.

నిజాంపేట_నాగు: మీకు తెలిసే కొన్నారు. నాకు తెలియకుండా అంటగట్టారు. రెండూ ఒకటెలా అవుతాయి?

చిన్నా_డల్లాస్: ఇద్దరూ చెరో ప్రశ్నకి జవాబు చెప్తున్నారు.

గోదారిబిడ్డ: శనివారం ఒక జెడ్/28 చూడటానికి వెళ్తున్నా. ఇంజన్ బ్లాక్ మీద జెడ్/28 ఇంజన్ గుర్తయిన ‘డీజెడ్’ ముద్ర ఉందన్నారు. అది చాలా?

నిజాంపేట_నాగు: చాలదు తమ్ముడూ. నా కారు మీదా ఉంది ఆ ముద్ర, కొత్తగా కొట్టింది. మొదటి ఓనర్ నాటి కాగితాలు అడుగు. లేవంటే మామూలు కమారో ధరే ఇస్తానని చెప్పు.