డాగ్మే 95 రూల్స్‌తో షార్ట్ ఫిల్మ్: తాతయ్య టీవీ పాట ఉంచొచ్చా?

ప్రశ్న (గోదారి కెమెరా):
సామర్లకోట దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, ఫోన్‌తోనే. లైట్లు అద్దెకు తెచ్చే డబ్బుల్లేవు. అందుకని డెన్మార్క్ దర్శకులు 1995లో పెట్టుకున్న డాగ్మే 95 రూల్స్ పట్టుకున్నాం, అంటే బయటి లైట్లు, సామాన్లు తేకుండా సినిమా తీయాలనే పది నియమాలు. లేమికి ఒక సిద్ధాంతం దొరికిందన్నమాట.

ఆదివారం భోజనాల సీన్ తీశాం. అన్నదమ్ములిద్దరూ పొలం పంపకం గురించి మాట్లాడుకుంటుంటారు. పక్క గదిలో తాతయ్య టీవీలో పాత పాటలు. ఆపమంటే ఆపరు. సీన్‌కి బానే ఉందిలే అని మేమూ వదిలేశాం. తీరా ఎడిట్‌లో చూస్తే అన్న మాట్లాడితే పల్లవి, తమ్ముడు జవాబిస్తే రెండో చరణం, మధ్యలో సబ్బు యాడ్! టీవీ ఆపి మళ్లీ తీసి, పాట విడిగా కింద వేసుకుంటే రూల్ తప్పినట్టేనా? ఇంకోటి, కిటికీలోంచి ఎండ నేరుగా మొహాల మీద పడుతోంది. దుప్పటి కట్టొచ్చా?

జవాబు (బూమ్ మైకు):
తప్పినట్టే బాబూ. రెండో రూల్ అదే. బొమ్మని, శబ్దాన్ని విడివిడిగా పుట్టించకూడదు. సీన్ తీసే చోట మోగుతుంటేనే సంగీతం. కాబట్టి మీ తాతయ్య టీవీ న్యాయంగానే మోగింది, దాన్ని ముక్కలు చేసింది మీ ఎడిటింగ్. పదేళ్లుగా సౌండ్ పనిలో ఉన్నాను. మనకి పైలట్ ట్రాక్ (షూటింగ్‌లో గుర్తు కోసం తీసుకునే కచ్చా సౌండ్) తీసుకుని తర్వాత డబ్బింగ్‌లో చూసుకుందాంలే అనే ధీమా ఎక్కువ. ఈ రూల్ ఆ ధీమా మీదే దెబ్బ కొడుతుంది. 'ఇడియట్స్' (1998)లో, ఈ రూల్స్ రాసినవాళ్లలో ఒకడైన లార్స్ వాన్ ట్రయర్‌కి సంగీతం కావాల్సి వస్తే, షూటింగ్ జరుగుతుండగానే పక్కన మెలోడికా (నోటితో ఊదుతూ మెట్లు నొక్కే చిన్న వాయిద్యం) వాయించారు. మీరూ సీన్ మొత్తం ఒకే టేక్‌లో లాగించండి, పాట తెగదు.

దుప్పటి సంగతి. రూల్స్ రాసిన ఇంకొకాయన థామస్ వింటర్‌బర్గ్ 'ఫెస్టెన్' (1998) తీశాక, రూల్స్ దగ్గర తను చేసిన తప్పులు రాసిచ్చాడు. ఒక టేక్‌లో కిటికీకి నల్లగుడ్డ కట్టానని, అది బయటి వస్తువు తేవడమే కాక ఒకరకంగా లైటింగ్ కూడా అని ఒప్పుకున్నాడు. లేని హోటల్ రిసెప్షన్ బల్ల కట్టించానని కూడా రాశాడు, కాకపోతే లొకేషన్‌లో దొరికిన సామానుతోనేనట! మీ దుప్పటి ఆ ఇంట్లోదే కదా, సగం పాపమే. దానికన్నా విస్తళ్లు ఇంకో గోడ వారకి జరపడం తేలిక.

జవాబు (పాత రీలు):
ఇదంతా ప్రచారం అంటాను నేను. 1995 మార్చిలో పారిస్‌లో, సినిమాకి నూరేళ్లయిన సందర్భంగా పెట్టిన సభలో వాన్ ట్రయర్ ఎర్ర కరపత్రాలు పంచాడు. సినిమా 35 ఎంఎం ఫిల్మ్ రీలు మీద ఉండాలని అందులోనే రాసి, 'ఫెస్టెన్' చిన్న సోనీ హ్యాండీక్యామ్‌తో తీశారు!

జవాబు (బూమ్ మైకు):
ఆ రూల్‌ని విడుదల ప్రింటుకే అన్వయించుకున్నారు సార్. వీడియోని తర్వాత 35 ఎంఎంకి ఎక్కించారు. చీకటి సీన్లలో ఆ గరుకుదనం చూడండి, నాకైతే తండ్రి అరవయ్యో పుట్టినరోజు విందులో కొడుకు లేచి ఆయన గురించి మాట్లాడేటప్పుడు అదే ఊపిరాడనివ్వదు. ప్రచారమే కావచ్చు, కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ ప్రైజ్ మాత్రం వచ్చింది.

జవాబు (కట్ చెప్పు):
డాగ్మే సంగతి సరే, టీవీ పాటతో యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, చూసుకోండి.

గోదారి కెమెరా:
బాబోయ్, అది తట్టనే లేదు. తాతయ్యని బతిమాలి వార్తలు పెట్టించాం. ఆరు నిమిషాల టేక్, నాలుగోసారికి కుదిరింది. మధ్యలో ఆయనే లేచొచ్చి "మజ్జిగ పోశారా వీళ్లకి?" అని అడిగి వెళ్లారు. ఉంచేశాం. డైరెక్టర్ పేరు వేయకూడదని పదో రూల్ ఉందట కదా, ఆ విషయం మాత్రం అమ్మకి ఇంకా చెప్పలేదు.