అప్‌డేట్: అరకు వెళ్లొచ్చాక కుంటుతున్న మా కుక్క, కారణం దొరికింది

నవంబరులో వలిసె పూలు చూద్దామని విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లొచ్చాం, మర్నాటి నుంచి మా రాణి ముందుకాలు నేలకు ఆనించడం లేదు, పాదం ఆపకుండా నాకుతోంది అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

'వేళ్ల మధ్య చూడండి' అన్నవాళ్ల మాటే నిజమైంది. మేం పైపైన చూసి ఏమీ లేదనుకున్నాం. డాక్టర్ గారు బొచ్చు కత్తిరించి చూస్తే రెండు వేళ్ల సందులో శనగగింజంత ఎర్రటి బుడిపె, మధ్యలో సూదిమొనంత రంధ్రం. మత్తిచ్చి తీస్తే గడ్డిముల్లు బయటికొచ్చింది! దానికి వెనక్కి వాలిన సన్నటి నూగు ఉంటుందట, అందుకే లోపలికే జరుగుతుంది కానీ వెనక్కి రాదు. నేను రోజూ ఉప్పునీళ్లతో కడిగినా తగ్గకపోవడం అందుకే. పాపం, ఎంత నొప్పి ఓర్చుకుందో.

పిడుదుల జ్వరమేమోనని రక్తపరీక్ష కూడా చేయించాం, ఏమీ లేదు. ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకున్నది మలుపుల వల్లే, దీనికీ దానికీ సంబంధం లేదు.

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయింది. నిన్నటి నుంచి మేడమెట్లు గబగబా ఎక్కేస్తోంది. ఇకపై చేలగట్ల మీద తిప్పితే, కారెక్కించే ముందే నాలుగు పాదాలూ వేళ్లు విడదీసి చూస్తాను.