ఇప్పటికే ఫీల్డ్‌లో ఉన్న స్పీకర్‌కి సీఎస్‌పీ (సర్టిఫైడ్ స్పీకింగ్ ప్రొఫెషనల్) గుర్తింపు వల్ల నిజంగా లాభం ఉంటుందా?

హైదరాబాద్‌లో ఉంటాను, పన్నెండేళ్లుగా ప్రసంగాలు ఇవ్వడమే నా వృత్తి. ఫార్మా కంపెనీల సేల్స్ మీట్‌లు, బ్యాంకుల ట్రైనింగ్‌లు, మధ్యమధ్యలో ఇంజనీరింగ్ కాలేజీలు. పని బాగానే వస్తోంది, కానీ ఫీజు మాత్రం మూడేళ్లుగా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పెంచితే "అంత బడ్జెట్ లేదు సార్" అని, వేరేవాళ్లకి ఇస్తున్నారు.

ప్రసంగాలు ప్రాక్టీస్ చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో అన్నిటికంటే పై గుర్తింపు డీటీఎం (డిస్టింగ్విష్డ్ టోస్ట్‌మాస్టర్) ఎప్పుడో అయిపోయింది, దాన్ని ప్రొఫైల్‌లో పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. వెబ్‌సైట్ మార్చాను, కొత్త డెమో వీడియో తీయించాను, ఈవెంట్ ఏజెన్సీల చుట్టూ తిరిగాను. ఒక ఏజెన్సీ ఫారంలో 'సర్టిఫికేషన్' గడి ఖాళీగా ఉందని విదేశీ క్లయింట్‌కి నా పేరే పంపలేదు. ఇక్కడి హెచ్ఆర్ వాళ్లు మాత్రం ఆ మాటే ఎత్తరు, ఇంతకుముందు ఎవరికి చెప్పారు అనే అడుగుతారు.

అందుకే అమెరికా నేషనల్ స్పీకర్స్ అసోసియేషన్ 1980లో మొదలుపెట్టిన సీఎస్‌పీ గురించి ఆలోచిస్తున్నాను. అది కోర్సు చేసి తెచ్చుకునేది కాదు, ఫీజు తీసుకుని చెప్పిన ప్రోగ్రాముల రికార్డు, క్లయింట్ల అభిప్రాయాలు చూపించాలి. చిక్కంతా అక్కడే. కంపెనీల ఇన్‌వాయిస్‌లు జీఎస్టీతో సహా ఉన్నాయి గానీ, కాలేజీల వాళ్లు శాలువా, మెమెంటో, ఒక కవరు చేతిలో పెడతారు, రసీదు ఏముంటుంది? అవన్నీ తీసేస్తే లెక్క సరిపోవడానికి ఇంకో రెండేళ్లు పట్టేలా ఉంది.

మీలో సీఎస్‌పీ తెచ్చుకున్నవాళ్లు గానీ, స్పీకర్లను బుక్ చేసేవాళ్లు గానీ ఉంటే చెప్పండి: మన దేశంలో అది ఉన్నందువల్ల ఎవరికైనా ఎక్కువ ఫీజు ఇవ్వడం మీరు చూశారా?