పాతబస్తీలోని మా చిన్న సంస్థ లెక్కల విషయంలో సలహా కావాలి

పెద్దలకు నమస్కారం. హైదరాబాద్ పాతబస్తీలో పేద ముస్లిం కుటుంబాల ఆడపిల్లలకు సాయంత్రం ట్యూషన్లు చెబుతూ, వారి తల్లులకు కుట్టుపని నేర్పే ఒక చిన్న సొసైటీని మేము ఐదేళ్లుగా నడుపుతున్నాము. పని చేసేవారికి కొదవ లేదు, కాగితాలు చూసేవారే లేరు. చందాల రసీదులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, వాటిలో సగం ఉర్దూలో చేతితో రాసినవే.

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ కింద కంపెనీలు ఖర్చు చేయవలసిన సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల కోసం ఒక సంస్థను కలిసినప్పుడు 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్ నిధులు తీసుకునే సంస్థలకు ఇచ్చే నమోదు సంఖ్య), మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడిగారు. అలా అడగడం సబబేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఒక ఆడిటరు చెప్పిన ఫీజు మా టీచరమ్మకు మేమిచ్చే రెండు నెలల గౌరవ వేతనంతో సమానం.

ఉర్దూ రసీదులను ఆడిటర్లు ఉన్నవి ఉన్నట్టుగా అంగీకరిస్తారా, లేక అనువాదం జతచేయాలా? చిన్న సంస్థల లెక్కలను తక్కువ ఫీజుకు చూసే చార్టర్డ్ అకౌంటెంట్లు నగరంలో ఉంటే దయచేసి తెలియజేయండి. మా దగ్గరే చదివి ఇప్పుడు బీకాం చేస్తున్న అమ్మాయి ఒకరు ట్యాలీ (లెక్కలు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం) నేర్చుకుని ఈ బాధ్యత తీసుకుంటానంటోంది. ఆమెకు వారానికి రెండు గంటలు నేర్పగలవారు ఎవరైనా ఉన్నారా?