కై రాంగ్ పడవల సంతలో ఇప్పుడు ఏమైనా మిగిలి ఉందా?

ప్రశ్న:
వచ్చే నెల అమ్మానాన్నలతో వియత్నాం వెళ్తున్నాం. మెకాంగ్ డెల్టాలో కాన్ థో దగ్గరున్న కై రాంగ్ పడవల సంత చూడాలని నాన్నకి మహా ఆశ. కానీ అక్కడిప్పుడు సరుకు పడవల కన్నా టూరిస్టుల పడవలే ఎక్కువని ఎక్కడో చదివాను. నిజమేనా? హో చి మిన్ సిటీ నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా? అమ్మ శాకాహారి.

జవాబు 1:
ఒక్కరోజు ప్యాకేజీ మాత్రం వద్దండి. నేను అలా వెళ్ళే దెబ్బతిన్నాను. సుమారు 170 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు పట్టింది, మేం రేవుకి చేరేసరికి పదకొండు దాటింది, అప్పటికే సంత ఖాళీ. రాత్రికి కాన్ థోలోనే ఉండి, ఐదింటికల్లా నిన్ కియూ రేవులో పడవ ఎక్కండి.

జవాబు 2:
పడవలు బాగా తగ్గిన మాట నిజమే. రోడ్లు, వంతెనలు వచ్చాక సరుకు లారీలెక్కేసింది, నది గట్టుకి కాంక్రీటు గోడ కట్టాక పడవ ఆపి సరుకు దించుకునే చోటూ తగ్గింది. 2016లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించారు గానీ గుర్తింపుతో డీజిల్ ఖర్చు రాదు కదా. అయినా వెళ్ళండి, అది ఇప్పటికీ టోకు సంతే. ప్రతి పడవ మీదా నిలువుగా ఒక వెదురు గడ ఉంటుంది, ఏది అమ్ముతుంటే అది దానికి కడతారు. మేం చూసిన ఒక గడకి పైన అనాసపండు, కింద గుమ్మడికాయ, ఇంకా కింద ఉల్లిపాయల గుత్తి. ఇంజన్ల మోతలో అరిచినా వినపడదు, దూరం నుంచే గడ చూసి పడవని అటు తిప్పుకుంటారు. ఎండుతాటాకు లాంటి ఆకు కడితే మాత్రం పడవే అమ్మకానికి ఉన్నట్టు. నాకు గుండె కలుక్కుమన్నది అక్కడే, ఎందుకంటే చాలామందికి ఇల్లు కూడా ఆ పడవే, వంటా నిద్రా పిల్లల్ని పెంచడం అన్నీ అందులోనే.

జవాబు 3:
మాది కోనసీమ. కాలవల్లో సరుకు పడవల్ని గట్టు మీద నడుస్తూ తాడేసి లాగేవాళ్ళని తాతయ్య చెప్పేవారు, నేను ఒక్కటీ చూడలేదు. మీ నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్ళండి.

అమ్మగారి కోసం "ఆన్ చాయ్" అనే మాట గుర్తుపెట్టుకోండి, శాకాహారం తింటామని అర్థం, టీ అనుకోకండి. సంతలో నూడిల్స్ పడవలవాళ్ళు వేసేది మాంసం ఉడికించిన పులుసే, కాబట్టి ఆవిడకి అక్కడ అనాసపండు, కాఫీ చాలు. అనాసని కళ్ళు తీసి, తొడిమ పట్టుకుని తినేలా చెక్కి ఇస్తారు.