250 ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పోయింది, ఇప్పుడు టూ స్ట్రోక్‌కి మారనా? రెండూ నడిపినవాళ్ళు చెప్పండి

మట్టిబూట్లు
అందరికీ నమస్తే. వయసు 34, బరువు 78 కిలోలు, మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైక్ రేసులు) అమెచ్యూర్‌లో మూడో సీజన్. స్టార్టింగ్ గేటు పడ్డాక మధ్యలో ఉంటాను, చివరికీ మధ్యలోనే ఉంటాను, ఆ రకం. ఇన్నాళ్ళూ సెకండ్ హ్యాండ్ 250 ఫోర్ స్ట్రోక్ మీద లాక్కొచ్చాను. పోయిన నెల రెండో మోటోలో (రేసు రోజు ఒక్కో రౌండుని మోటో అంటాం) టేబుల్‌టాప్ జంపు ఎక్కబోతుంటే ఠక్కుమని ఒక్క చప్పుడు, ఇంజన్ అయిపోయింది. ఇంకో అరసెకను ఆగి పోయుంటే గాల్లో ఉండేవాణ్ణి, అది తలుచుకుంటేనే ఇప్పటికీ భయం. విప్పి చూస్తే ఇన్‌టేక్ వాల్వు తల విరిగి పిస్టన్‌లో దిగబడి ఉంది. హెడ్డు, సిలిండర్, పిస్టన్ అన్నీ చెత్తే, కనెక్టింగ్ రాడ్ కూడా ఒంగింది. అవర్ మీటర్‌లో 96 గంటలు. అమ్మినాయన "పిస్టన్ ఈమధ్యే మార్చాను" అన్నాడు, నేను నమ్మాను.

ఇప్పుడు ఫ్రెండ్ ఒకడు తన 250 టూ స్ట్రోక్ ఇస్తానంటున్నాడు. నాకు పని దినాల్లో సాయంత్రం రెండు గంటలకు మించి షెడ్డులో కూర్చునే వీలు లేదు. నేనెప్పుడూ ఆయిల్ కలిపి పెట్రోలు పోసినవాణ్ణి కాదు. ఆ సౌండు బాగుంటుంది, ఆ వాసన బాగుంటుంది అనే మాటలు వద్దు, రేసులో ఏమవుతుందో చెప్పండి.

నూనెచేతులు
96 గంటలా! అది చెడిపోవడం కాదు బ్రో, రిటైర్మెంట్ దాటాక కూడా డ్యూటీ చేసి పోయింది.

ఆ ఇంజన్లు 13 వేల ఆర్‌పీఎం దాటి తిరుగుతాయి, కంప్రెషన్ కూడా బాగా ఎక్కువ. ఇన్‌టేక్ వాల్వులు చాలావాటిలో టైటానియం, తేలికగా ఉండటానికి. దాని మీద పల్చటి గట్టి పూత ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోక సన్నటి దుమ్ము లోపలికి పోయిందనుకో, ఆ పూత అరిగిపోతుంది. అరిగిందంటే వాల్వు సీటులోకి పైకి జరుగుతూ పోతుంది, క్లియరెన్సు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి మొరాయించడం మొదటి గుర్తు. జనం అక్కడ షిమ్ (ఆ సందు సరిచేసే పల్చటి బిళ్ళ) మార్చి ఊరుకుంటారు. ఒకసారి మార్చితే పర్లేదు, రెండోసారి మళ్ళీ తగ్గిందంటే వాల్వు మార్చాల్సిందే, మూడో షిమ్ పెడుతున్నావంటే నువ్వు రోజులు లెక్కపెడుతున్నట్టే. నీ బండి స్టార్టింగ్ ఎలా ఉండేది?

మట్టిబూట్లు
రెండు నెలలుగా పొద్దున తోస్తే గానీ స్టార్ట్ అయ్యేది కాదు 🙂 బ్యాటరీ అనుకుని బ్యాటరీ మార్చాను.

నూనెచేతులు
అందరూ అదే చేస్తారులే.

టూ స్ట్రోక్‌లో వాల్వులు లేవు, క్యామ్‌లు లేవు, టైమింగ్ చైను లేదు. పిస్టన్, రింగు, గడ్జన్ పిన్ను, దాని బేరింగు, రెండు గ్యాస్కెట్లు, అంతే. పద్ధతిగా చేస్తే నీకున్న ఆ రెండు గంటల్లో టాప్ ఎండ్ (ఇంజన్ పై భాగం) పని అయిపోతుంది. కాకపోతే ఒకటి, "టూ స్ట్రోక్ అంటే మెయింటెనెన్స్ ఉండదు" అనేవాళ్ళ మాట వినకు. రేసుల్లో 250 టూ స్ట్రోక్‌కి నేను 35, 40 గంటలకి పిస్టన్ మారుస్తాను, 125కైతే 20 దగ్గరే. తేడా ఏంటంటే అది పోయేముందు కంప్రెషన్ తగ్గి చెబుతుంది, పోయినా ఎక్కువసార్లు సిలిండర్ దగ్గరే ఆగుతుంది. ఫోర్ స్ట్రోక్ పోతే ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది.

రెండోగేరు
నేను రెండేళ్ళ కిందట 250 ఎఫ్ (అంటే 250 ఫోర్ స్ట్రోక్) నుంచి 250 టూ స్ట్రోక్‌కి వచ్చాను. నిజం చెప్తున్నా, మొదటి మూడు రేసులు పరువు పోయింది. కారణం పవర్ కాదు, ఇంజన్ బ్రేకింగ్. ఫోర్ స్ట్రోక్‌లో మలుపు ముందు యాక్సిలేటర్ వదిలేస్తే బండే సగం ఆగుతుంది, మనకి తెలియకుండానే దాని మీద ఆధారపడిపోయి ఉంటాం. టూ స్ట్రోక్‌లో వదిలేస్తే అది సైకిల్ లాగా దొర్లుకుంటూ పోతూనే ఉంటుంది. మొదటి రేసు మొదటి ల్యాపులోనే బెర్మ్ (మలుపు అంచున ఉండే మట్టి గట్టు) పైనుంచి దాటి అవతల రిబ్బను చుట్టుకుని పడ్డాను. ముందు బ్రేకు వాడటం నాకు అప్పుడే వచ్చింది అనుకోండి.

రెండోది గేరు. 250 ఎఫ్‌లో మూడో గేరులో వేసి, తప్పు గేరైనా సరే పూర్తిగా తిప్పి పెడితే ఎలాగోలా లాగేస్తుంది. ఇందులో పవర్ ఒకచోట గుంపుగా ఉంటుంది. ఆ చోటుకి ఇంజన్ని తెచ్చిపెట్టే పని మీదే, క్లచ్ మీద ఒక వేలు ఎప్పుడూ ఉండాలి. అలవాటయ్యాక మాత్రం గతుకుల్లో ముందు చక్రం ఎత్తాలంటే మణికట్టు చాలు, బండి తేలిక అనేది అక్కడ తెలుస్తుంది. స్కేలు మీద తేడా కొద్ది కిలోలే, కానీ లోపల తిరిగే బరువు తక్కువ కాబట్టి బండిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పడేయడం చాలా సులువు.

గేటు31
అందరూ ఒకే పాట పాడుతున్నారు, ఎవరో ఒకరు రెండో వైపు చెప్పాలిగా. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఒకే ట్రాక్ మీద ఒకే రోజు స్టాప్‌వాచ్ పెట్టి చూసుకున్నాను. పొద్దున ట్రాక్ తడిపి దున్ని మెత్తగా ఉన్నప్పుడు టూ స్ట్రోక్ మీద ల్యాపుకి దాదాపు సెకను ఫాస్ట్. మధ్యాహ్నం ట్రాక్ ఎండి గట్టిపడి, బ్రేకింగ్ గతుకులు పడ్డాక అదే టూ స్ట్రోక్ మీద రెండు సెకన్లు స్లో. వెనక చక్రం పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంది, మలుపు దాటేటప్పుడు బండి పక్కకి వెళ్ళిపోతుంది. ఫోర్ స్ట్రోక్ పేలుడుకీ పేలుడుకీ మధ్య టైరుకి ఊపిరి తీసుకునే టైము ఇస్తుంది, అందుకే గట్టినేల మీద పట్టుకుని లాగుతుంది. మన రేసులు జరిగేది మధ్యాహ్నమే కదా భయ్యా.

ఇంకోటి, అలసట. టూ స్ట్రోక్ మీద ఆరో ల్యాపుకి నాకు ముంజేతులు బిగుసుకుపోయి క్లచ్ లివరు నొక్కలేను. 250 ఎఫ్ మీద అది లేదు.

రెండోగేరు
గట్టినేల గురించి ఒప్పుకుంటాను. ముంజేతుల సంగతి మాత్రం మీరు దేనితో పోలుస్తున్నారో చూడండి. 450 ఫోర్ స్ట్రోక్ మీద నుంచి దిగి 250 టూ స్ట్రోక్ ఎక్కినవాళ్ళని అడగండి, సెలవుల మీద వచ్చినట్టుందంటారు. మావాడు 450 కొన్నాడు, అందరూ కొంటున్నారని. మూడు ల్యాపులయ్యాక బండి వాణ్ణి నడిపేది. 250 టూ స్ట్రోక్ దాని కంటే తక్కువే అలసట, 250 ఎఫ్ కంటే ఎక్కువ అలసట, నా లెక్క అది. ముందు హ్యాండిల్ అంత గట్టిగా పట్టుకోవడం మానండి 😄

పాతచైను
కుర్రాళ్ళు ఈ గొడవ ఇప్పుడే పుట్టినట్టు మాట్లాడుతున్నారు. టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది, ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకి ఒకసారి. అందుకని రూల్స్ రాసినవాళ్ళు ఫోర్ స్ట్రోక్‌కి సీసీ దాదాపు రెట్టింపు ఇచ్చారు. బరువైన పాత ఫోర్ స్ట్రోకులున్న రోజుల్లో అది న్యాయంగానే ఉండేది, వాటిని ఎవరూ పట్టించుకోలేదు కూడా. 1997లో అమెరికా రేసర్ డగ్ హెన్రీ లాస్ వేగస్ సూపర్‌క్రాస్‌లో (స్టేడియంలో జరిగే మోటోక్రాస్) యమహా ప్రోటోటైప్ 400 ఫోర్ స్ట్రోక్ మీద గెలిచాడు, 1998లో అదే ఇంజన్ షోరూములోకి వచ్చింది, ఆ ఏడాదే అమెరికా అవుట్‌డోర్ 250 టైటిల్ దాని మీదే కొట్టాడు. 2001లో 250 ఫోర్ స్ట్రోక్ వచ్చి 125ల క్లాసులో నిలబడింది. 125 మీద ఉన్న కుర్రాడికి అది పోటీయేనా చెప్పండి, స్టార్టులో మొదటి మలుపుకే ఆట అయిపోయేది. కొన్నేళ్ళకే హోండా, సుజుకి, కవాసాకి తమ 125, 250 మోటోక్రాస్ టూ స్ట్రోకులు ఆపేశాయి. యమహా ఆపలేదు, కేటీఎం ఆపలేదు, వాళ్ళ పుణ్యమే ఈ చర్చ.

అలా అని అంతా బండిదే అనుకోకండి. అమెరికా ఛాంపియన్ రికీ కార్మైకేల్ 2002లో హోండా టూ స్ట్రోక్ సీఆర్250 మీద అవుట్‌డోర్ సీజన్‌లో 24 మోటోలకి 24 గెలిచాడు. 2004లో హోండా ఫోర్ స్ట్రోక్ సీఆర్ఎఫ్450 మీద మళ్ళీ 24కి 24. ఆయనకి ఏది ఇచ్చినా ఒకటే. మన సంగతి వేరు, మనకి పంచరైనా ఇంజన్ మీదే అనుమానం.

పిట్‌లోనాన్న
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అబ్బాయికి 14 ఏళ్ళు, 85 సీసీ బండి మీద నుంచి పైకి రావాలి. 125 టూ స్ట్రోకా, నేరుగా 250 ఎఫ్ఫా? కోచ్ 125 అంటున్నాడు, వాడేమో ఫ్రెండ్స్ అందరూ 250 ఎఫ్ అని ఏడుపు.

రెండోగేరు
125, ఆలోచించక్కర్లేదు అన్నా. యూరప్‌లో ఆ వయసు పిల్లలకి ఇప్పటికీ ఈఎమ్ఎక్స్125 అని టూ స్ట్రోక్ ఛాంపియన్‌షిప్ నడుస్తోంది, అక్కడి నుంచే 250లకి వెళ్తారు. 125లో పవర్ తక్కువ, మలుపులో స్పీడు పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకోలేవు. అందుకని స్పీడు పోగొట్టుకోకుండా నడపడం వాడికి తప్పనిసరిగా వస్తుంది.

గేటు31
కోచింగ్‌కి 125 సరే. రేసు ఏ క్లాసులోనో మాత్రం చూసుకోండి సర్. 250 ఎఫ్‌లతో కలిపి వదిలితే పిల్లాడు ప్రతివారం వెనకే వస్తాడు, సరదా చచ్చిపోతుంది. విడిగా 125 క్లాసు ఉంటేనే.

మట్టిబూట్లు
ఆయిల్ కలపడం గురించి ఎవరూ చెప్పలేదు. ఒకరు 32కి 1 అంటారు, ఒకరు 40, మాన్యువల్‌లో ఒకటి, ఫ్రెండ్ దగ్గర ఒకటి. తల తిరుగుతోంది.

నూనెచేతులు
మాన్యువల్‌లో ఏముందో అది. కొన్నిటికి 30కి 1, కొత్త కేటీఎంలకి 60కి 1 కూడా ఉంది, డిజైన్ని బట్టి. 40కి 1 అంటే 5 లీటర్లకి 125 మిల్లీలీటర్లు, 32కి 1 అయితే 156. కొలిచే గ్లాసు ఒకటి పెట్టుకో, అందాజుగా పోయకు. నిష్పత్తి ఒకటి పట్టుకున్నాక మార్చకు, ఎందుకంటే ఆయిల్ పెంచితే అదే కొలతలో పెట్రోలు తగ్గుతుంది, జెట్టింగ్ (కార్బురేటర్ పెట్రోలు కొలత) లీన్ వైపు, అంటే పెట్రోలు తక్కువ వైపు జరుగుతుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే సేఫ్ అనుకుని ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

అన్నిటికంటే ముఖ్యం, క్యాను మీద పెద్దక్షరాలతో రాసి పెట్టు. నేను ఒకసారి తొందరలో ఆయిల్ కలపని క్యాను ఎత్తి పోశాను, వార్మప్‌లో మూడో ల్యాపుకి ఇంజన్ సీజ్. ఇరవై ఏళ్ళ అనుభవం అని చెప్పుకుంటాను పైగా.

పాతచైను
ఒక మాట కలుపుతాను. ఈ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోలుతోనే అందుతుంది. పైనుంచి పెద్ద దిగుడు వస్తే, టాప్ గేరులో యాక్సిలేటర్ పూర్తిగా మూసి కిందిదాకా దొర్లించకు. ఇంజన్ వేగంగా తిరుగుతుంటుంది, ఆయిల్ మాత్రం అందదు. క్లచ్ పట్టు, లేదా మధ్యమధ్యలో ఒక్కో చిటికెడు ఇస్తూ దిగు.

రెండోగేరు
కార్బురేటర్ బండైతే జెట్టింగ్ కూడా నేర్చుకోవాలి. పొద్దున చలికి సరిపోయింది మధ్యాహ్నం ఎండకి రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయిపోయి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గరగరమంటుంది, ప్లగ్గు తడిసిపోతుంది. ఎప్పుడూ ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు పానా జేబులో. కేటీఎం 2023 మోడల్స్ నుంచి వీటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, సెల్ఫ్ స్టార్ట్ పెట్టింది, ఈ బాధ చాలావరకు లేదు. మీ ఫ్రెండుది ఏ ఏడాదిదో?

మట్టిబూట్లు
కార్బురేటర్, కిక్కరు. పాత మోడలే కానీ పిస్టన్ మార్చిన బిల్లు చూపించాడు, ఈసారి నమ్మకం కాదు, సిలిండర్ విప్పి చూశాను కూడా. ఇంకో విషయం, మా రూల్ బుక్కు చదివాను. అమెచ్యూర్‌లో 250 టూ స్ట్రోక్‌ని 250 ఎఫ్‌ల క్లాసులోనే ఒప్పుకుంటున్నారు. అంటే పవర్ మనకే ఎక్కువ కదా?

గేటు31
కాగితం మీద ఎక్కువే, స్టార్టులో నిజంగానే ఎక్కువ. ముందు చక్రం నేల మీద ఉంచగలిగితే. అన్ని చోట్లా ఈ రూలు ఉండదు, పై స్థాయికి వెళ్తే 450లతో నిలబెడతారు, ప్రతి సీజన్ ముందు చదువుకో.

మట్టిబూట్లు
అప్‌డేట్. తీసేసుకున్నాను. నిన్న మొదటి రేసు.

గేటు పడింది, రెండో గేరులో క్లచ్ వదిలాను, ముందు చక్రం నా మొహం దాకా వచ్చింది, యాక్సిలేటర్ మూశాను, పదిమంది దాటిపోయారు. రెండోగేరు గారు చెప్పింది అచ్చు గుద్దినట్టు జరిగింది, రెండో మలుపులో బ్రేకు లేటై బెర్మ్ పైకెక్కాను, పడలేదు లెండి. నాలుగో ల్యాపులో పడ్డాను. అక్కడ ఒక ఆశ్చర్యం, లేపి ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యింది, పాత బండైతే వేడి మీద పడితే బటన్ నొక్కుతూ నిలబడేవాణ్ణి. మొదటి మోటో 19, రెండో మోటో 14. ముంజేతులు బిగుసుకున్నాయి, గేటు31 గారూ, అది మాత్రం మీరే కరెక్ట్.

ఒక డౌట్. మలుపు దాటాక రెండో గేరు మరీ పొట్టిగా, మూడో గేరు మరీ పొడుగ్గా అనిపిస్తోంది. వెనక స్ప్రాకెట్ ఒక పన్ను పెంచనా?

రెండోగేరు
పెంచితే మూడో గేరు దగ్గరికొస్తుంది, రెండోది వాడే పనే ఉండదు. నేను అదే చేశాను. చైను పొడుగు సరిపోతుందో ముందు చూసుకోండి, ఇరుసు ముందుకి జరుగుతుంది.

నూనెచేతులు
స్ప్రాకెట్ తర్వాత. నిన్న రేసయ్యాక ఫిల్టర్ కడిగావా లేదా?

మట్టిబూట్లు
...వెళ్తున్నా.